చింతాద్రిపేట గెయిటీ చిత్రశాల

దేవాలయములకు శిలాశాసనములు గలవు. కోటలకుఁ గైఫీయతులు గలవు. కావ్యములకుఁ దాళపత్రప్రతులు గలవు. వానిని బట్టి చరిత్రకారులు గతించిన కాలమును గొంతవఱకు నిర్ణయింపఁగలుగుచున్నారు. ఒక పేటలోని జనులు తరతరములుగా సాయంకాలములఁ గూడుకొని, నవ్వి, యేడ్చి, విస్మయపడి యిండ్లకుఁ బోయిన చిత్రశాలకు మాత్ర మిట్టి యాధార మేదియు నుండదు. టికెట్టు ముక్కలు నాఁటి రాత్రియే త్రోవలోఁ బాఱవేయఁబడును. గోడప్రకటనపై మఱునాఁడే మఱియొక ప్రకటన యంటింపఁబడును. శాల కూలఁగొట్టఁబడిన దినమున దాని చరిత్రము సయితము కూలిపోవును. చెన్నపురియందుఁ జింతాద్రిపేట ప్రక్క నుండిన గెయిటీ చిత్రశాల విషయమున జరిగిన దిదియే. ఒక తెలుఁగువాఁడు కట్టించిన యా శాలకు దక్షిణదేశ చలనచిత్ర చరిత్రమున నున్నతస్థానము గలదు. ఆ కట్టడ మిపుడు లేదు. దానినిగూర్చి చెప్పుకొను మాటలలో నిజమెంతయో జనశ్రుతి యెంతయో వేఱుపఱిచి చూపుటయు, అట్టి శాలలవలనఁ దెలుఁగుభాషకుఁ గలిగిన ఫలమును విచారించుటయు నీ వ్యాసమున కుద్దేశము.

పేట, పేరు

చింతాద్రిపేట చెన్నపురిలోని ప్రాచీనములైన పేటలలో నొకటి. కూవము నది వంపు తిరిగి దానిని మూఁడుప్రక్కలఁ జుట్టి పాఱుచుండును. తూర్పిండియా కంపెనీవారి గవర్నరగు జార్జి మార్టను పిట్టు కాలమున, 1734వ సంవత్సరమున, నేఁతపనివారిని గుదుర్చుటకై యీ పేట యేర్పఱుపఁబడెను. అంతకుముం దచ్చోటు సుంకురామసెట్టి యను ప్రసిద్ధుఁడైన కంపెనీ వర్తకుని తోఁటగా నుండెను. నూలు వడకువారు, నేయువారు, అద్దకపువారు, చలువచేయువారు ననఁగా వస్త్రము సిద్ధమగుటకుఁ గావలసినవా రెల్ల నొక్కచోట నుండవలయునని కంపెనీవారి సంకల్పము.

అరవమునఁ ‘దఱి’ యనఁగా మగ్గము. చిన్న మగ్గముల పేట యను నర్థము గల ‘చిన్నతఱిపేట’యే చింతాద్రిపేట యైనదని పలువురి మతము. వినుటకుఁ జింతయు నద్రియుఁ గలిసిన సమాసమువలె నుండుటచేత నచ్చట నేదో కొండ యుండెననియో, చింతలతోఁపు ప్రసిద్ధమై యుండెననియో తలఁచువారు గలరు. అచ్చట కొండ లేదు. ధ్వనిని బట్టి పుట్టిన కథ చరిత్రము గాఁజాలదనుట కీ పేట పేరే చాలిన నిదర్శనము. ఈ యెచ్చరికను మనస్సున నుంచుకొని చిత్రశాల కథను బరిశీలింపవలెను. ఏలయన నందును ధ్వనిని బట్టియు, నభిమానమును బట్టియుఁ బుట్టిన మాటలు పెక్కులు గలవు.

గెయిటీ యీ పేటను మౌంటురోడ్డుతోఁ గలుపు బ్లాకర్సురోడ్డుపై నుండెను. మౌంటురోడ్డునకే యిపుడు అన్నాసాలై యని పేరు. ఒకవైపున దొరల యంగళ్లును హోటళ్లును గల రాజమార్గము. మఱియొకవైపున నేఁతవారి సంతతియుఁ, జిల్లర వర్తకులును, గుమాస్తాలును నివసించు పేట. ఈ రెంటి సంధియందుఁ గట్టఁబడుటచేతనే యా శాల రెండు విధములైన జనులను నొక్క కప్పుక్రిందికిఁ దేఁగలిగెను.

గెయిటీకిఁ బూర్వము

1895 డిసెంబరు 28వ తేదీని పారిసు నగరమున లూమియేరు సోదరులు రుసుము గొని ప్రజలకుఁ జలనచిత్రములను జూపిరి. 1896 జూలై 7వ తేదీని బొంబాయిలోని వాట్సను హోటలునం దవియే ప్రదర్శింపఁబడెను. ఆ శతాబ్దపుఁ దుదియేండ్లలోనే చెన్నపురిలోని విక్టోరియా పబ్లికు హాలునందును బొమ్మ లాడెను. ఆ హాలునకు 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువులైన ఆనందగజపతి మహారాజులవారు. ఇట్లు చెన్నపురి సినీమాకుఁ దొలుత నాశ్రయమైన కట్టడముతోడను దెలుఁగువారికి సంబంధము గలదు.

కాని యది సినీమాకుఁగాఁ గట్టినది గాదు. సభలకును, నాటకములకును గట్టినది. ఆ కాలమున చిత్రములఁ జూపువాఁడు యంత్రమును బెట్టెలో నుంచుకొని యూరూరఁ దిరుగువాఁడే. హాలు దొరకినచో హాలు, దొరకనిచో డేరా. కోయంబత్తూరు నివాసియగు సామికన్ను విన్సెంటు 1905 మొదలుకొని యిట్లు డేరాతో దక్షిణదేశమెల్ల సంచరించెను. చిత్రము ప్రజలయొద్దకుఁ బోవుట యొక దశ. ప్రజలు చిత్రమునొద్దకు వచ్చుట మఱియొక దశ. రెండవదానికి స్థిరమైన శాల కావలయును. గెయిటీ ప్రాముఖ్య మీ దశాపరివర్తనమునందే యున్నది.

రఘుపతి వెంకయ్య నాయుఁడుగారు

గెయిటీని గట్టించిన రఘుపతి వెంకయ్య నాయుఁడుగారు మచిలీపట్టణము వాస్తవ్యులు. చిన్నవయసుననే చెన్నపురికి వచ్చి ఛాయాగ్రహణవిద్య నభ్యసించి, ఛాయాచిత్రశాల నొకదానిని స్థాపించి జీవించిరి. ఆయన జన్మసంవత్సర విషయమునఁ గ్రంథములయందు భేదము గలదు. కొన్నింట 1869 అనియు, మఱికొన్నింట 1887 అనియుఁ గనఁబడును. తేదీ మాత్రము రెంటను నక్టోబరు 15వ తేదియే. ఆయన కుమారుఁడును, తరువాత దర్శకుఁడుగాఁ బ్రసిద్ధుఁడును నైన సూర్యప్రకాశు 1901లో జనించినట్లు చలనచిత్ర చరిత్రకారులు వ్రాయుచున్నారు. 1887 తండ్రి జన్మసంవత్సరమైనచోఁ గుమారుఁడు పుట్టునాఁటికిఁ దండ్రికిఁ బదునాలుగేండ్లు మాత్రమే యగును. కావున 1869 అను పాఠమే గ్రాహ్యమని తోఁచును. తాళపత్రప్రతులలో లేఖకదోషమును గనిపట్టు రీతినే యిట్టి సంఖ్యాదోషములను గూడ నంతస్సాక్ష్యముచేత సవరింపవలసియుండును.

1910 ప్రాంతమున నాయుఁడుగారు ‘క్రోనోమెగాఫోను’ అను యంత్రమును దెప్పించిరి. ఇది ఫ్రాన్సు దేశపు గోమంటు సంస్థవారిది. చిత్రమును దెరపైఁ జూపు యంత్రమును, పాటను వినిపించు గ్రామఫోను పలకను నొక్కవేగమున నడుచునట్లు జతపఱిచి, గాలి యొత్తుడుచేత ధ్వనిని హెచ్చించుట దీని యందలి విశేషము. పలక యొక్కటి కొన్ని నిమిషములకు మించి పలుకదు గనుకఁ జిత్రములును నంత చిన్నవియే. నిజమైన మాటలాడు చిత్రము మన దేశమునఁ బుట్టుట కిరువదియేండ్లకుఁ బూర్వమే తెరపై బొమ్మ పాడుటను జూచినవారు చెన్నపురియం దుండిరన్నమాట. ఈ యంత్రమునకై నాయుఁడుగారు తమ ఛాయాచిత్రశాలను దాకట్టుపెట్టిరని ప్రతీతి. ఆ యంత్రముతో నాయన విక్టోరియా హాలునఁ బ్రదర్శనములిచ్చి, పిదప బెంగుళూరు, బెజవాడ మున్నగు పట్టణములకును, సింహళమునకును, రంగూనునకును బోయి ప్రదర్శించి వచ్చిరి. రంగూనున నాఁడు తెలుఁగు కూలీలును, వర్తకులును వేలకొలఁదిగా నుండిరి. తెలుఁగుదేశము విడిచిపోయినవారి కడకుఁ దెలుఁగువాని యంత్రము పోయి బొమ్మలాడించుట గమనింపఁదగిన విషయము.

ప్రథమత్వ విచారము

ఊరూరఁ దిరిగిన యనుభవముతో నాయుఁడుగారు స్థిరశాలను గట్టఁదలఁచి గెయిటీని నిర్మించిరి. ఇది 1914 నాఁటిదని విశేషముగఁ జెప్పుదురు. 1912, 1913 అని చెప్పువారును గలరు. తరువాత నాయుఁడుగారు మింటువీథిలో క్రౌను అను శాలను, పురసవాకములో గ్లోబు అను శాలను గట్టించిరి. ఈ గ్లోబే పిదప రాక్సీ యని పేరుమార్చుకొనెను.

గెయిటీ ‘దక్షిణదేశమున మొదటి సినీమాశాల’ యను మాట తఱచుగ వినఁబడును. ఇది యున్నదున్నట్లు గ్రహింపఁదగినది గాదు. మౌంటురోడ్డుననే వార్విక్ మేజరు అను దొర 1913లో ఎలెక్ట్రికు థియేటరు అను శాలను నెలకొల్పెను. ఆ కట్టడము తరువాతఁ దపాలాశాఖవారిదయ్యెను. ఇఁకఁ గోయంబత్తూరున సామికన్ను విన్సెంటు వెరైటీహాలును గట్టించినదియు 1914వ సంవత్సర ప్రాంతముననే. కావున ‘చెన్నపురియందు భారతీయుఁడు సినీమాకుఁగాఁ గట్టించిన మొదటి శాల గెయిటీ’ యని చెప్పుట యుక్తము. తెలుఁగుదేశపు గడ్డపైఁ గట్టఁబడిన మొదటి శాలగాఁ బ్రసిద్ధి కెక్కినది బెజవాడలోని మారుతీ సినీమా. దానిని 1921లోఁ బోతిన శ్రీనివాసరావుగారు నిర్మించిరి. ఇట్లు విశేషణములను జేర్చి చెప్పినంతమాత్రమున గెయిటీ గౌరవమునకు లోపము రాదు. విశేషణము లేని ప్రథమత్వము వాదమునకు నిలువదు. విశేషణముతోడి ప్రథమత్వ మెవ్వరును దీసివేయలేనిది.

ఆట జరిగిన విధము

మూఁగచిత్రముల కాలమున నట్టి శాలయందాట యెట్లు జరిగెడిదో నేఁటివారికిఁ దెలియుట కష్టము. ఫిలుము ముప్పదియైదు మిల్లిమీటర్ల వెడల్పుగల పట్టీ. అడుగునకుఁ బదునాఱు బొమ్మలు. వేయి యడుగుల చుట్టను రీలందురు. యంత్రము త్రిప్పువాఁడు చేతితోఁ బిడిని ద్రిప్పుచు సెకండునకుఁ బదునాఱు బొమ్మల చొప్పున నడపినచో రీలు పదునాఱు పదునేడు నిమిషము లాడును. వాఁడు త్వరపడినచో తెరపై రాజును బంటును గంతులువేయుదురు. అలసినచో నందఱును నిద్రలో నడచినట్లు నడతురు. యంత్రము బొమ్మను నిలిపి చూపి, వెలుఁగునకు మూఁతవేసి, తరువాతి బొమ్మను లాగును. చూచువారి కన్ను నడిమి చీఁకటిని గ్రహింపదు గనుక నిలిచిన బొమ్మలే నడచునట్లు తోఁచును. వెలుఁగునకు రెండు బొగ్గుకడ్డీల నడుమఁ బుట్టు విద్యుజ్జ్వాల యుపయోగపడెడిది.

ఆ కాలపు ఫిలుము నైట్రేటు కలిసినది. సులభముగ నంటుకొనును, అంటుకొన్న పిమ్మట నార్పుట దుస్సాధ్యము. ఈ భయముచేతనే 1918 నాఁటి సినిమాటోగ్రాఫు చట్టము శాలలకు లైసెన్సుండవలెనని నిర్బంధించెను. ఆ చట్టము ననుసరించియే 1920లో బొంబాయి, కలకత్తా, మదరాసులందుఁ జిత్రపరీక్షక మండలు లేర్పడెను. జనుల ప్రాణరక్షణకును, జనులు చూడఁదగిన దేదో నిర్ణయించుటకును నొక్క చట్టమే మూలమైనది.

శాలలో నేల, బెంచి, కుర్చీ యని తరగతులు. స్త్రీలకు వేఱు స్థలము. ఆట యున్నదని తెలుపుటకు జట్కాబండికిఁ బ్రకటనలు గట్టి, డప్పు వాయించుచు, వీథివీథిని రంగుకాగితముల నోటీసులు విసరుచుఁ బోయెడివారు. బండి వెంటఁ బిల్లలు పరుగెత్తెడివారు. లోపల నొకమూల హార్మోనియము, తబలాయో, పియానోయో మ్రోఁగుచుండును. ‘మిలియన్ డాలర్ మిస్టరీ’, ‘బ్రోకెన్ కాయిన్’ మున్నగు అమెరికా దేశపు ధారావాహిక చిత్రములను నాయుఁడుగారి శాలలలోఁ జూపిరని చెప్పుదురు. ఇవి వారము వారము కొన్ని భాగముల చొప్పున వచ్చెడివి. నాయిక కొండ యంచున వ్రేలాడుచుండఁగా నాఁటి భాగము ముగియును. పురాణశ్రవణమున ‘రేపు చెప్పుకొందము’ అని పౌరాణికుఁడు పుస్తకము మూయుట కలవాటుపడిన జనులకు నీ పద్ధతి క్రొత్తది గాదు.

వ్యాఖ్యాత

మూఁగచిత్రములలో మాటలకు బదులు నడుమ నడుమ నక్షరముల పలకలు వచ్చెడివి. విదేశ చిత్రములలో నవి యాంగ్లము; స్వదేశ చిత్రములలోఁ బెక్కింట రెండు మూఁడు భాషలు. కాని 1921 నాఁటి జనాభాలెక్కలఁ బట్టి భారతదేశమున నక్షరాస్యులు నూటి కెనమండ్రకు మించలేదు. చదువఁగలవానికిఁ గూడ నాయక్షరములు కనుమఱుఁగగులోపలఁ జదువుట కష్టము. కావునఁ దెర ప్రక్క నొకఁడు నిలుచుండి కథను జెప్పెడివాఁడు. వీఁడు పలకను జదివి యనువదించుటతోఁ దనియక, పాత్రలకు మాటలు కల్పించును. దుష్టుఁడు వచ్చినచోఁ దిట్టును. భీముఁడు గద యెత్తినచోఁ బద్యము నెత్తుకొనును. చింతాద్రిపేటవంటి ద్విభాషాస్థానమున నతఁ డరవమునను దెలుఁగునను మాటలాడఁగలవాఁడు కావలసియుండును.

ఈ వ్యాఖ్యాత యాకాశమునుండి యూడిపడినవాఁడు గాఁడు. తోలుబొమ్మలాటలో దీపమునకును దెరకును నడుమ బొమ్మను నిలిపి, దాని వెనుకనుండి మాటయుఁ బాటయు నందించు కళాకారుఁడే యితని పూర్వుఁడు. సంస్కృత నాటకములందు యవనిక మఱుఁగుపఱుచుటకు. తోలుబొమ్మలాటలోఁ దెర చూపుటకు. సినీమాతెర యీ రెండవదాని సంతతి. తెరపై వెలుఁగునీడలు కదలుచుండ వానికి నోరిచ్చువాఁ డొకఁడు ప్రక్క నుండుట తెలుఁగు పల్లెవానికిఁ దరతరములనుండి యలవాటైన విషయము. అందుచేతనే విదేశపు యంత్ర మంత శీఘ్రముగ మన జనుల మనస్సున కెక్కెను. 1931 పిమ్మట బొమ్మలకే నోరు వచ్చుటచేత వ్యాఖ్యాత కుద్యోగము పోయెను. అతఁడు చెప్పిన మాట లెవ్వరును వ్రాసియుంచలేదు. తెలుఁగు వచనమునఁ బుట్టి, పండి, వ్రాఁతకెక్కకయే నశించిన ప్రక్రియ యది యొకటి.

మాటల సాక్ష్యము

శాల నశించినను శాల పుట్టించిన మాటలు నశింపలేదు. ఇవి సాహిత్య పరిశోధకులకు శాసనములతో సమానములు. ‘బొమ్మ’, ‘ఆట’, ‘తెర’ యను మూఁడును దోలుబొమ్మలాటనుండియే సినీమాకు సంక్రమించినవని యెంచవచ్చును. ‘మొదటి యాట’, ‘రెండవ యాట’, ‘బొమ్మ పడినది’, ‘బొమ్మ బాగున్నది’ యను పలుకుబళ్లు శిష్టులు కల్పించినవి గావు. నేలపైఁ గూర్చుండినవారు కల్పించినవి. పండితులు చేసిన ‘చలనచిత్రము’, ‘ఛాయాచిత్రము’ అనునవి వ్రాఁతయందు నిలిచెను. నోటియందు నిలిచినవి బొమ్మయు నాటయునే. ‘నేల’ యను శుద్ధమైన తెలుఁగుమాట ‘నేల టికెట్టు’ కారణమున నొక తరగతికిఁ బేరై, తుదకా తరగతి ప్రేక్షకులకే పేరయ్యెను.

‘టాకీ’ యను మాట కథ యింకను విచిత్రమైనది. ఆంగ్లమున నది మాటలాడు చిత్రమునకుఁ బేరు. తెలుఁగునాట శాలల యజమానులు తమ శాలలఁ బేర్ల చివర ‘టాకీసు’ అని చేర్చుటచేత, నది చిత్రమును విడిచి కట్టడమునకుఁ బేరయ్యెను. బహువచన ప్రత్యయము సయితము మాటలోఁ గలిసిపోయి యేకవచనమై నిలిచెను. టాకీ వచ్చిన పిమ్మట మాటలాడని చిత్రమున కొక పేరు కావలసివచ్చెను. అంతకుముందు దానికిఁ బ్రత్యేకమైన పేరుతోఁ బని లేదు. ఉన్నవన్నియు నట్టివే గదా! అపుడు సంస్కృతపు ‘మూక’ శబ్దమునకు టాకీతోడి ప్రాస కుదురునట్లు తుదిమార్చి ‘మూకీ’ యనిరి. సంస్కృత ప్రకృతికి నాంగ్లపు సాదృశ్యముచే వికృతి గలిగిన యిట్టి పదమును వ్యాకరణము లంగీకరింపవు, జను లంగీకరించిరి. భరతుఁడు నాట్యశాస్త్ర ద్వితీయాధ్యాయమునఁ బ్రేక్షాగృహములను వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము అని మూఁడు విధములుగఁ జెప్పెను. చూచువారికి ‘ప్రేక్షకులు’ అను పేరు నేఁటికిని నిలిచియున్నది. ప్రేక్షాగృహ మను పేరు మాత్రము హాలునకుఁ జోటిచ్చి తొలఁగెను.

చూపుటనుండి తీయుటకు

పరుల చిత్రములఁ జూపుటతో నాయుఁడుగారికిఁ దృప్తి గలుగలేదు. కుమారుఁడైన ప్రకాశును విదేశములకుఁ బంపి చిత్రనిర్మాణము నేర్పించి, ‘స్టార్ ఆఫ్ ది ఈస్టు’ అను సంస్థను స్థాపించిరి. 1921–22 ప్రాంతమున ‘భీష్మప్రతిజ్ఞ’ యను మూకచిత్రము వెలువడెను. ప్రకాశే దాని దర్శకుఁడు, భీష్మ పాత్రధారియు. తెలుఁగువారు తీసిన తొలిచిత్ర మిదియే యని ప్రసిద్ధి. తెలుఁగు సినీమాకుఁ దరువాతఁ బెద్దదిక్కైన కాకినాడ నివాసి సి. పుల్లయ్యగారును, వై. వి. రావుగారును బ్రకాశువద్దఁ బని నేర్చినవారు. ఇట్లు గెయిటీ రాఁబడినుండి నిర్మాణసంస్థయు, నిర్మాణసంస్థనుండి శిష్యపరంపరయుఁ గలిగెను. కాని యా సంస్థ నష్టములపాలై మూఁతపడెను. శాలలును బరుల చేతులకుఁ బోయెను. నాయుఁడుగారు 1941 మార్చి 15వ తేదీని గతించిరి. అప్పటికిఁ దెలుఁగు టాకీలు బహుళముగ వెలువడుచుండెను; దానికి బీజము వేసినవాని చేత మాత్రము బీజమైన శాల లేదు.

జ్ఞాపకమును బత్రమును

1931 మార్చి 14వ తేదీని బొంబాయి మెజెస్టికు శాలలో ‘ఆలం ఆరా’ ప్రదర్శింపఁబడుటతో దేశమున టాకీయుగ మారంభమయ్యెను. ఆ యేఁడే యక్టోబరు 31వ తేదీని హెచ్. ఎం. రెడ్డిగారి ‘కాళిదాసు’ చెన్నపురి కినిమా సెంట్రలు శాలలో వెలువడెను. అందు నాయిక యరవమునను, నాయకుఁడు తెలుఁగునను మాటలాడిరి. పూర్తిగఁ దెలుఁగున వచ్చిన ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15వ తేదీని వెలువడెనని చిరకాలము చెప్పుకొనిరి. ఏటేట నా తేదీని సినీమావారు వేడుకగ జరుపుకొనిరి గూడ. పిదప రెంటాల జయదేవగారు నాఁటి సెన్సారు వివరములను, బత్రికలలోని ప్రకటనలను బరిశోధించి, యది 1932 ఫిబ్రవరి 6వ తేదీని వెలువడినదని నిరూపించిరి. వేలమంది నమ్మిన తేదీ యొక పాతపత్రికలోని చిన్నప్రకటన యెదుట నిలువలేకపోయెను.

గెయిటీ విషయమున నీ నీతి మిక్కిలి యావశ్యకము. అది చేతులు మాఱుచు, టాకీయుగమునను బహుకాలము నడచి, తుదకుఁ గూల్పఁబడెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 1980లో రఘుపతి వెంకయ్య పురస్కారమును నెలకొల్పి, దానిని మొదట ఎల్. వి. ప్రసాదుగారి కొసఁగిరి. ఇట్లు కట్టించినవాని పేరు నిలిచెను. అతఁడు కట్టిన శాల గోడల కొలతగాని, తలుపుల సంఖ్యగాని, తొలినాఁటి యాట వివరముగాని చెప్పుటకు సులభముగ దొరకు గ్రంథము లేదు. పురస్కారము గొప్పదే, కాని పురస్కారము జ్ఞాపకమే గాని చరిత్రము గాదు.

ఇట్టి శాలలు తెలుఁగునాఁటఁ బ్రతి పట్టణమునను నుండెను; పెక్కు లిదివఱకే కల్యాణమండపములును, గిడ్డంగులును, అంగళ్ల సముదాయములు నైనవి. ఒక్కొక్కదానికిఁ గట్టినవాఁ డొకఁడు, యంత్రము త్రిప్పినవాఁ డొకఁడు, నేలపైఁ గూర్చుండి యీల వేసినవారు వేనవేలు గలరు. నైజాముకాలపు శాలలైనను, సర్కారుజిల్లాల శాలలైనను, రాయలసీమ డేరాలైనను వీనికి లైసెన్సు పత్రములు కచ్చేరులలో నుండవలెను. ప్రకటనలు పాతపత్రికలలో నుండవలెను. మాటలు వృద్ధుల నోట నుండును. మొదటి రెండును నాలస్యమైనను దొరకవచ్చును. మూఁడవది యాలస్యమైనచో దొరకదు. తమ తమ గ్రామములందలి శాసనములఁ బ్రతులెత్తించి చరిత్రమునకుఁ దోడ్పడిన పాఠశాలా పండితులు, విద్యార్థులచేత నూరి పాతశాల పేరును, స్థలమును, నాఁటి పలుకుబళ్లను, వ్యాఖ్యాతను విన్నవారు మిగిలియున్నచో వారి తండ్రితాతల మాటలను వ్రాయించి, యొక్కొక్క మాటకుఁ జెప్పినవారి వయస్సును, విన్న తేదీని జేర్చినచో, గెయిటీకి జరిగిన లోపము మఱియొక శాలకు జరుగకుండును. చింతాద్రిపేటలో మగ్గములు పోయినను బేరులో మగ్గము నిలిచియున్నది. చిత్రశాలకుఁ బేరులోనైనను నిలుచు భాగ్యము గలుగవలెనన్నచో, దానిని వ్రాసి యుంచువారు కావలెను.